మతి తప్పిందని ఎవరు చెప్పాలి?
ఉన్మాద మినహాయింపు, ఆడ మగ కొలతలు: ఒక స్మారకోపన్యాసం

చేసిన పని ఏమిటో, అది తప్పో, చట్టవిరుద్ధమో తెలుసుకునే శక్తి ఆ క్షణంలో మతిభ్రమణం వల్ల లేకపోతే, అలాంటి మనిషి చేసిన పని నేరం కాదు. భారతీయ శిక్షాస్మృతిలో ఈ మాట 84వ సెక్షన్‌గా ఉండేది. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 22వ సెక్షన్‌గా ఉంది. నంబరు మారింది గాని సారం మారలేదు. 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన తొలి ముసాయిదాలో పాత పదబంధాన్ని తీసేసి ‘మానసిక వ్యాధి’ అని రాశారు. డిసెంబరులో వచ్చిన సవరించిన బిల్లు పాత పదాన్నే మళ్లీ తెచ్చింది. ఈ సెక్షన్‌లో స్త్రీ అనిగాని పురుషుడు అనిగాని ఎక్కడా లేదు. అయినా ఇది స్త్రీకి ఒకలాగా, పురుషుడికి ఒకలాగా పనిచేస్తుందన్న ఫిర్యాదు ఉంది. ఫిర్యాదు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఆడవాళ్లయితే ‘పాపం, పిచ్చిది’ అని వదిలేస్తారని కొందరంటారు. ఆడదాని పిచ్చిని కోర్టు నమ్మదని మరికొందరంటారు.

సూత్రం ఇంగ్లండు నుంచి వచ్చింది. 1843లో డేనియల్ మెక్‌నాటన్ అనే వ్యక్తి ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శి ఎడ్వర్డ్ డ్రమండ్‌ను కాల్చి చంపాడు. మతి లేనివాడని జ్యూరీ వదిలేసింది. దానిమీద రేగిన గగ్గోలుకు జవాబుగా ప్రభువుల సభ అడిగిన ప్రశ్నలకు న్యాయమూర్తులు ఇచ్చిన సమాధానాలే నియమాలయ్యాయి. 1860 నాటి మన శిక్షాస్మృతి వాటినే దాదాపుగా తీసుకుంది. నూట ఎనభై ఏళ్లలో మనోవైద్యం ఎంత మారినా ఈ కొలబద్ద కదల్లేదు.

మన దేశంలో ఈ సెక్షన్‌కు స్పష్టమైన రూపం ఇచ్చింది తెలుగువాడే. రాజమండ్రిలో పుట్టి, ఆంధ్ర హైకోర్టుకు తొలి ప్రధాన న్యాయమూర్తి అయి, 1966లో భారత ప్రధాన న్యాయమూర్తి అయిన కోకా సుబ్బారావు 1964లో దహ్యాభాయ్ ఛగన్‌భాయ్ ఠక్కర్ కేసులో తీర్పు రాశారు. గుజరాత్‌లో 1959 ఏప్రిల్‌లో ఒక రాత్రి, గడియ వేసిన పడకగదిలో భర్త భార్యను పొడిచి చంపాడు. ఒంటిమీద 44 గాయాలు. అతనికి మతిస్థిమితం లేదని సాక్షులు చెప్పారు. కోర్టు నమ్మలేదు, శిక్ష ఖాయమైంది. కాని ఆ తీర్పులో సుబ్బారావు పెట్టిన సూత్రాలు అప్పటినుంచి ప్రతి సెషన్స్ కోర్టులోనూ వినిపిస్తున్నాయి. నేరబుద్ధి సహా నేరాన్ని అనుమానానికి తావులేకుండా రుజువు చేసే బాధ్యత ఎప్పుడూ ప్రాసిక్యూషన్‌దే. ముద్దాయికి మతి సరిగా ఉందనే చట్టం మొదట అనుకుంటుంది. అది కాదని చూపించే భారం ముద్దాయిది. అయితే ఆ భారం సివిల్ కేసులో కక్షిదారు మోసేంతే. నిజం కావచ్చు అనిపించేంత సాక్ష్యం చాలు. అదీ నిలబడకపోయినా, తెచ్చిన సాక్ష్యం నేరబుద్ధి మీద సందేహం కలిగిస్తే ఆ ప్రయోజనం ముద్దాయికే దక్కాలి.

వినడానికి ఇది ఉదారమైన సూత్రమే. చిక్కు అంతా ‘సాక్ష్యం’ దగ్గర వస్తుంది. డాక్టరు దృష్టిలో రోగం వేరు, చట్టం దృష్టిలో మతి లేకపోవడం వేరు అని సుప్రీంకోర్టు పదే పదే చెప్పింది. స్కిజోఫ్రీనియా ఉందని చీటీ చూపిస్తే సరిపోదు. ఆ పని చేసిన నిమిషంలో తెలివి ఎలా ఉందో చూపించాలి. ఆ నిమిషంలోకి ఎవరూ తొంగిచూడలేరు కాబట్టి కోర్టు చుట్టుపక్కల వెతుకుతుంది. ముందు ఎలా ఉండేది, చేసేటప్పుడు ఎలా ఉంది, చేశాక పారిపోయిందా, కత్తి దాచిందా, బట్టలు ఉతుక్కుందా అని చూస్తుంది. వీటికి జవాబు చెప్పగలిగేది ఇంట్లోవాళ్లు, పక్కింటివాళ్లు, పాత మందుల చీటీలు.

హైదరాబాద్ తూర్పున ఈ వెతుకులాట జరిగే చోటు ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల సముదాయం. సరూర్‌నగర్, చైతన్యపురి, వనస్థలిపురం, మీర్‌పేట స్టేషన్ల ఛార్జిషీట్లు చేరేది ఇక్కడికే. ముద్దాయి మాటతీరు తేడాగా ఉందని జడ్జికి అనిపించినా, న్యాయవాది మెమో వేసినా, పరీక్షకు పంపేది సాధారణంగా ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు. కోర్టు, ఆసుపత్రి రెండూ ఒకే మెట్రో రెడ్ లైన్ మీద ఉన్నాయి. ఎల్బీనగర్‌లో రైలెక్కిన మనిషి సీటు మారకుండా ఎర్రగడ్డలో దిగొచ్చు. ముద్దాయి మాత్రం జైలు నుంచి పోలీసు ఎస్కార్ట్ దొరికిన రోజున వ్యానులో వెళ్లాలి. ఎస్కార్ట్ దొరక్కపోతే వాయిదా. ఆసుపత్రిలో కొన్నాళ్లు ఉంచుకుని చూసి, విచారణను అర్థం చేసుకుని తన వాదన చెప్పుకోగలదా లేదా అన్నదానిమీద నివేదిక పంపుతారు.

ఆ నివేదిక జవాబిచ్చే ప్రశ్న వేరు, 22వ సెక్షన్ అడిగే ప్రశ్న వేరు. ‘ఇప్పుడు విచారణకు నిలబడగలదు’ అని డాక్టరు రాస్తే, ఘటన నాటికీ బాగానే ఉందని దాన్ని చదివేయడం కోర్టు హాళ్లలో తరచూ జరిగే పొరపాటు. జైల్లో మందులు పడ్డాక మనిషి కుదుటపడుతుంది. కుదుటపడటమే ఆమెకు వ్యతిరేక సాక్ష్యమవుతుంది. అరెస్టయిన వారంలో డాక్టరు చూసి ఉంటే కనిపించే మనిషి, రెండేళ్ల తర్వాత బోనులో నిలబడే మనిషి ఒకరు కారు.

స్త్రీపురుష భేదం చోటు చేసుకునేది సరిగ్గా ఇక్కడే. 2002లో సుప్రీంకోర్టు తీర్చిన శ్రీకాంత్ ఆనందరావు భోస్లే కేసు చూస్తే ఇది తేటపడుతుంది. మహారాష్ట్రలో ఒక పోలీసు కానిస్టేబుల్ 1994లో భార్యతో గొడవపడ్డాక, బాత్రూంలో బట్టలు ఉతుకుతున్న ఆమె తలమీద రుబ్బురాయితో కొట్టి చంపాడు. సుప్రీంకోర్టు 84వ సెక్షన్ కింద అతన్ని వదిలేసింది. కారణాలు బలంగానే ఉన్నాయి. పారనాయిడ్ స్కిజోఫ్రీనియాకు ఘటనకు ముందు చికిత్స జరిగిన దాఖలా ఉంది. తండ్రికీ మానసిక వ్యాధి ఉన్న చరిత్ర ఉంది. అరెస్టయ్యాక కొన్ని నెలల్లో ఇరవైకి పైగా సార్లు ఆసుపత్రికి తీసుకెళ్లిన రికార్డు ఉంది. రోగచరిత్ర ఉన్న ముద్దాయిని దర్యాప్తు అధికారి వెంటనే వైద్యపరీక్షకు పంపి ఆ సాక్ష్యాన్ని కోర్టు ముందు పెట్టాలని, అలా చేయకపోవడం ప్రాసిక్యూషన్ కేసులో పెద్ద లోపమని కోర్టు అంది. తీర్పును తప్పుపట్టడానికి లేదు. గమనించాల్సింది వేరొకటి. అతను ఉద్యోగి. సెలవు పెట్టాలన్నా, డ్యూటీలోకి తిరిగి రావాలన్నా డాక్టరు కాగితం కావాలి. అతని రోగానికి ఒక ఫైలు పుట్టడానికి ఉద్యోగమే వీలు కల్పించింది.

ఇంట్లో ఉండే ఆడమనిషి రోగానికి ఫైలు ఉండదు. చైతన్యపురిలోనో కర్మన్‌ఘాట్‌లోనో రెండు గదుల వాటాలో, కాన్పయిన మూడోవారం నుంచి నిద్రలేక, ఎవరో పిలుస్తున్నారని అంటూ తలుపు దగ్గరే కూర్చునే కోడలిని ఊహించుకుంటే సంగతి తెలుస్తుంది. మొదట ఆమెకు పడేది దిష్టి తీత. తర్వాత తాయెత్తు. ఆ తర్వాత పుట్టింటికి ఫోను: ‘మీ పిల్ల తేడాగా ఉంది, కొన్నాళ్లు తీసుకుపోండి’. పుట్టింటివాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్దామనుకున్నా, పిచ్చిదన్న ముద్ర పడితే కాపురం పోతుందని ఆగిపోతారు. చీటీ రాయించుకోరు. రాయించుకుంటే చింపేస్తారు. రేపు ఏదైనా జరిగితే 22వ సెక్షన్‌కు కావలసిన రుజువును ఆమె మంచి కోరినవాళ్లే ముందుగా మాయం చేసినట్టవుతుంది.

సాక్షుల సంగతి ఇంకా కష్టం. మగవాడు భార్యను చంపితే అతని మతి గురించి చెప్పడానికి అమ్మ, నాన్న, అన్నదమ్ములు ఉంటారు. వాళ్లు అతనితో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు, అతన్ని కాపాడుకోవాలనుకునేవాళ్లు. పెళ్లయిన స్త్రీ బిడ్డనో భర్తనో చంపితే, ఆమెతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లే ఫిర్యాదిదార్లు. అత్త, మామ, భర్త ప్రాసిక్యూషన్ సాక్షులుగా నంబర్లు వేయించుకుంటారు. ఆరునెలలుగా ఆమె ఎలా ఉందో తెలిసినవాళ్లు వాళ్లొక్కరే. ‘వింతగా ఉండేది’ అని ఒప్పుకుంటే, మరి డాక్టరుకు ఎందుకు చూపించలేదన్న క్రాస్ ప్రశ్న వాళ్ల మెడకే చుట్టుకుంటుంది. అందుకే ‘బాగానే ఉండేది, కావాలనే చేసింది’ అనడం వాళ్లకు సులువు. చట్టానికి లింగభేదం లేదు గాని, సాక్ష్యం ఒక ఇంటిలో పుడుతుంది. ఆ ఇల్లు ఎవరిదన్నది తీర్పుదాకా వెంట వస్తుంది.

ప్రసవం తర్వాత వచ్చే సైకోసిస్ వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరికి వస్తుందని వైద్యులు లెక్కకడతారు. చాలావరకు మొదటి రెండు వారాల్లో మొదలవుతుంది. బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు ముప్పు ఎక్కువ. బిడ్డను ఏదో కీడు నుంచి తప్పిస్తున్నానన్న భ్రమలో తల్లి బిడ్డను చంపే ప్రమాదం ఈ రోగంలో ఉంది. అలాంటి తల్లి చాలాసార్లు దాక్కోదు, ఏడవదు. భర్తకు తానే ఫోను చేసి మామూలు గొంతుతో చెబుతుంది. డాక్టరుకు ఆ ప్రశాంతత రోగలక్షణం. ఎస్సైకి అదే రాతిగుండె. పేపర్లో ‘కసాయి తల్లి’, ‘అమ్మతనానికే మచ్చ’ అని వస్తుంది. (తండ్రి చంపినప్పుడు ‘తండ్రితనానికి మచ్చ’ అని ఏ సబ్ ఎడిటరూ రాయడు.) ఇంగ్లండు 1922లో చేసి, 1938లో మార్చిన చట్టం ప్రకారం, కాన్పు ప్రభావంతో మనసు చెదిరిన తల్లి ఏడాదిలోపు బిడ్డను చంపితే అది హత్య కాదు, అంతకంటే తక్కువ నేరం. మన దేశంలో అలాంటి మధ్య మెట్టు లేదు. పూర్తి ఉన్మాదం, లేకపోతే పూర్తి హత్య.

మధ్య మెట్టు లేనప్పుడు ఒకే కథ రెండు కొసలకూ పోగలదు. అమెరికాలోని టెక్సస్‌లో 2001లో తన అయిదుగురు పిల్లలను నీటిలో ముంచి చంపిన ఆండ్రియా యేట్స్‌కు 2002లో జ్యూరీ యావజ్జీవం వేసింది. 2006లో, అవే వాస్తవాల మీద, మతి లేదని మరో జ్యూరీ నిర్దోషిగా తేల్చింది, ఆమెను ఆసుపత్రికి పంపారు. మొదటి తీర్పు ఎగిరిపోవడానికి కారణం, అసలు ఎన్నడూ ప్రసారం కాని ఒక టీవీ ఎపిసోడ్‌ను ప్రాసిక్యూషన్ డాక్టరు తన సాక్ష్యంలో ఉదహరించడం.

తెలంగాణలో 2021 ఏప్రిల్‌లో సూర్యాపేట జిల్లా మోతె మండలంలోని ఒక తండాలో, సర్పదోషం పోవాలన్న నమ్మకంతో ఒక తల్లి ఏడునెలల కూతురిని చంపింది. 2025 ఏప్రిల్‌లో సూర్యాపేట కోర్టు మతిస్థిమితం లేదన్న వాదనను ఒప్పుకోక మరణశిక్ష వేసింది. మూఢనమ్మకం ఉన్మాదం కాదన్నది కోర్టులు చాలాకాలంగా అంటున్న మాట, అందులో న్యాయం ఉంది. కాని ఏ నమ్మకం ఊరందరిదీ, ఏది ఒక్క చెదిరిన మనసుది అని తేల్చడం జడ్జి ఒక్కరి పని కాదు. మరణశిక్షకు ముందు ముద్దాయి మానసిక పరీక్ష నివేదికను కోర్టు తెప్పించుకోవాలని 2022 మే నెలలో మనోజ్ వర్సెస్ మధ్యప్రదేశ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరణశిక్ష దేన్నయినా హైకోర్టు ధ్రువీకరించేదాకా అమలు చేయడానికి వీల్లేదు.

మదనపల్లె ఘటనలో భేదం ఇంకోలా కనిపించింది. 2021 జనవరి 24న ఇద్దరు ఎదిగిన కూతుళ్లు ఇంట్లోనే హతమయ్యారు. తల్లిదండ్రులిద్దరూ అరెస్టయ్యారు. ఇద్దరూ పెద్ద చదువులు చదివి, చదువు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్లు. పిల్లలు మళ్లీ బతికి వస్తారన్న నమ్మకం ఇద్దరిదీ. పరీక్షకు విశాఖ మానసిక వైద్యశాలకూ ఇద్దరినీ పంపారు. టీవీ తెర మీద మాత్రం తానే శివుణ్ణని అన్న తల్లి మాటలే రోజంతా తిరిగాయి. ఒకే నమ్మకాన్ని ఇద్దరూ పంచుకున్నప్పుడు పిచ్చి ఆమెదీ, దానికి లొంగిపోవడం అతనిదీ అన్న పంపకాన్ని ప్రేక్షకులు ఏ విచారణా లేకుండానే చేసేశారు. ఇలాంటి పంపకం ఆడమనిషికి మేలు చేసినట్టు కనిపించినా, దాని అడుగున ఉన్నది ఆడదాని బుద్ధి ఎప్పుడైనా తప్పొచ్చన్న పాత నమ్మకమే.

ఆ నమ్మకం సివిల్ పక్కన ఎంత చురుగ్గా పనిచేస్తుందో కుటుంబ న్యాయస్థానాలు చూస్తూనే ఉన్నాయి. హిందూ వివాహ చట్టం 13వ సెక్షన్‌లో మతిభ్రమణం విడాకులకు కారణం. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక డాక్టరు, తన భార్యకు స్కిజోఫ్రీనియా ఉందని విడాకులు కోరాడు. ఆమె కూడా డాక్టరే. కింది కోర్టు విడాకులు ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది, 2013 సెప్టెంబరులో సుప్రీంకోర్టు హైకోర్టునే సమర్థించింది. రోగం పేరు ఉన్నంత మాత్రాన చాలదని, కాపురం చేయలేనంత తీవ్రంగా ఉందని రుజువు కావాలని తేల్చింది. ఆమె డాక్టరు కాబట్టి, చదువుకూ ఉద్యోగానికీ కాగితాలున్నాయి కాబట్టి గెలిచింది. ఇంట్లోంచి పంపేయడానికి స్త్రీ పిచ్చిని చీటీ మీద తెప్పించే కుటుంబమే, క్రిమినల్ కోర్టులో శిక్ష తప్పే చోట ఆ పిచ్చి లేదని చెప్పడం వింత కాదు. రెండు చోట్లా సాక్షి ఒకరే, ప్రయోజనం వేరు.

మగవాడి విషయంలో సమాజం మొదట వెతికేది కారణాన్ని. అనుమానం, పరువు, తాగుడు, కోపం: ఏదో ఒకటి దొరుకుతుంది. 2022 మేలో సరూర్‌నగర్ తహసీల్దారు ఆఫీసు దగ్గర నడిరోడ్డు మీద ఒక యువకుణ్ణి భార్య అన్న చంపినప్పుడు ఎవరూ పిచ్చి అనలేదు, పరువు అన్నారు. కారణం దొరికిన చోట ఉన్మాదం వాదన నిలవదు, అందువల్ల ఈ సెక్షన్‌లో మగవాడికీ నష్టమే. దహ్యాభాయ్ ఓడింది అలాగే. కాని కారణానికి చట్టంలో ఇంకో తలుపు ఉంది: హఠాత్తుగా, తీవ్రంగా రెచ్చగొడితే చేసిన హత్యకు శిక్ష తగ్గుతుంది. దానికీ కొలత చెప్పింది సుబ్బారావే, 1961లో, భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నానావతి కేసులో. అదే వర్గానికి చెందిన మామూలు మనిషి అదే పరిస్థితిలో అదుపు తప్పేవాడా అని చూడమన్నారు. నానావతికి ఆ మినహాయింపు దక్కలేదు, ఎందుకంటే భార్య చెప్పిన మాటకూ తుపాకీ పేలడానికీ మధ్య చల్లబడే వ్యవధి ఉందని కోర్టు అంది. ఏళ్లతరబడి దెబ్బలు తిన్న భార్య కోపం ఎప్పుడూ ఇలాగే వ్యవధి తీసుకుంటుంది. మెలకువగా ఉన్న మగవాడి మీద ఆమె తిరగబడలేదు, నిద్రపోయేదాకా ఆగుతుంది. ఆగితే అది పథకం. బ్రిటన్‌లో 1989లో, పదేళ్ల హింస తర్వాత నిద్రపోతున్న భర్త మీద పెట్రోలు పోసి నిప్పంటించిన కిరణ్‌జిత్ అహ్లువాలియా 1992లో అప్పీలు గెలిచింది రెచ్చగొట్టడం మీద కాదు, మనసు దెబ్బతిన్నదన్న వాదన మీద. అంటే అక్కడ ఆమె కోపం చెల్లుబాటు కావాలంటే రోగమని పేరు పెట్టించుకోవాల్సి వచ్చింది. ఆ ‘తగ్గిన బాధ్యత’ అన్న మెట్టు కూడా భారత చట్టంలో లేదు.

స్త్రీల మీద మెతకదనం ఉందన్న వాదనను కొట్టిపారేయడానికీ లేదు. అమెరికన్ పండితుడు ఓటో పోలాక్ 1950లోనే ఈ మాట అన్నాడు. పోలీసులు, జడ్జీలు మర్యాద కొద్దీ స్త్రీల నేరాలను చూసీచూడనట్టు పోతారన్నాడు. మన బెయిలు చట్టంలోనూ స్త్రీలకు ప్రత్యేక వెసులుబాటు ఉంది. దేశంలో ఖైదీల్లో స్త్రీలు దాదాపు 4 శాతమే. అయితే ఈ మెతకదనం ఇల్లాలిగా, తల్లిగా ఉండాల్సినట్టు ఉన్న స్త్రీకే దక్కుతుంది. బిడ్డను చంపినదానికి, ప్రియుడున్నదానికి, బోనులో కన్నీరు పెట్టనిదానికి అదే మర్యాద రెట్టింపు కసిగా తిరగబడుతుంది.

గెలిచినా కథ అక్కడితో అయిపోదు. మతి లేదని వదిలేసిన ముద్దాయి నేరుగా ఇంటికి వెళ్లడానికి వీల్లేదు. పని చేసింది ఆ మనిషేనా కాదా అన్నది తీర్పులోనే రాయాలి, చేసిందని తేలితే సురక్షిత నిర్బంధంలో ఉంచాలి, లేదా పూచీకత్తు మీద బంధువుకో మిత్రుడికో అప్పగించాలి. భార్యను చంపిన మగవాడిని తీసుకెళ్లడానికి తల్లి వస్తుంది. బిడ్డను చంపిన తల్లిని తీసుకెళ్లడానికి భర్త రాడు, తమ్ముడి పెళ్లి కావలసిన పుట్టిల్లూ వెనకాడుతుంది. నయమైనా తీసుకెళ్లేవాళ్లు లేక వార్డుల్లోనే మిగిలిపోయే మనుషులు మన మానసిక వైద్యశాలలన్నిటిలో ఉన్నారు.

వీటిలో చాలావాటికి కొత్త చట్టం అక్కర్లేదు. అరెస్టయిన వెంటనే వైద్యపరీక్ష చేయించాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 53వ సెక్షన్ ఇప్పటికే చెబుతోంది, స్త్రీ అయితే మహిళా డాక్టరు చేయాలి లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి. బిడ్డను చంపిన కేసుల్లో ఆ పరీక్షకు మనోవైద్యుణ్ణి కూడా పిలవడం, కాన్పు ఎప్పుడయింది, నిద్ర ఎలా ఉండేది అని అడిగి కేస్ డైరీలో రాయడం, పుట్టింటివాళ్ల వాంగ్మూలం కూడా తీసుకోవడం దర్యాప్తు అధికారి చేతిలో పని. భోస్లే తీర్పు ఆయన మీద ఆ బాధ్యతను 2002లోనే పెట్టింది. స్త్రీలకు, కస్టడీలో ఉన్నవాళ్లకు, మానసిక వ్యాధి ఉన్నవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాదిని ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ అంటోంది. రంగారెడ్డి జిల్లాలో ఆ దరఖాస్తు ఎల్బీనగర్ కోర్టుల సముదాయంలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఇవ్వాలి. ముద్దాయి తరఫున ఇంట్లోవాళ్లయినా ఇవ్వొచ్చు, జైలు అధికారుల ద్వారానైనా పంపొచ్చు.